బాలిలో శాకాహారం: ‘వెజ్’ అని చెప్పినా ప్లేటులో నీచు వాసన ఎందుకొస్తోంది?

“వీధివీధికీ గుళ్ళే. ఇంటింటి ముందూ పూలు, అగరుబత్తి. ఇలాంటి ఊళ్ళో మనకు భోజనానికి లోటేముంటుందమ్మాయ్!” అంది మా అత్తయ్య, ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో దిగిన మొదటి రోజు. నాకూ అలాగే అనిపించింది. సాయంత్రం ఒక చిన్న హోటల్లో ‘వెజిటేరియన్’ అని రెండుసార్లు చెప్పి నాసి గోరెంగ్, అంటే అక్కడి వేపుడన్నం తెప్పించాను. అన్నం మీద తెల్లగా, కరకరలాడే వడియం లాంటిది ఒకటి పెట్టారు. అత్తయ్య సగం కొరికి ఆగిపోయింది. “ఇది వడియం కాదు, నీచు వాసన వస్తోంది” అంది. అది రొయ్యల పిండితో చేసిన కెరుపుక్. ఆ రాత్రి ఆవిడ ఇంకేమీ ముట్టకుండా పడుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, నన్ను నమ్మి వచ్చింది. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి ప్రతి చోటా అడిగి, చూసి, రాసుకున్నాను. బాలిలో శాకాహారం దొరకకపోవడమనేది లేదు. టోఫు, టెంపే (రెండూ సోయాగింజలతో చేసేవి), కొబ్బరి, ఆకుకూరలు, పనస, అరటి వీధివీధినా ఉంటాయి. కంటికి కనిపించని వస్తువులతోనే మనకు ఇబ్బంది. మీకు ఎదురైన సమస్య ఏదో చూసుకుని ఆ భాగం చదవండి.

సమస్య 1: “వెజ్ అనే చెప్పాను. కూరలో ముక్క కనిపించదు, కానీ నీచు వాసన వస్తోంది”

ఇది అందరికీ వచ్చేది, అన్నిటికంటే పెద్దది కూడా. కారణం చాలావరకు తెరాసి. చిన్న రొయ్యల్ని ఉప్పుతో పులియబెట్టి, ఎండబెట్టి, నూరి చేసిన ముద్ద అది. గోధుమ రంగులో చిన్న దిమ్మలా ఉంటుంది. మనం పప్పులో ఇంగువ వేసినట్టు వాళ్ళు చిటికెడు తెరాసి వేస్తారు. “ఈ పప్పులో ఏం వేశారు?” అని అడిగితే మనం ఇంగువ పేరు చెప్తామా? వాళ్ళూ అంతే. ‘నో మీట్’ అని వాళ్ళు చెప్పే మాటలో మోసం లేదు. వాళ్ళ దృష్టిలో తెరాసి మాంసం కాదు, మసాలా.

పైగా బాలి వంటకు పునాది బాసా గెనెప్ అనే మసాలా ముద్ద. చిన్నుల్లి, వెల్లుల్లి, పసుపు, అల్లం, దుంపరాష్ట్రం లాంటి గలంగల్, మిరప, ధనియాలు కలిపి నూరుతారు. అందులో తెరాసి మామూలుగా ఉంటుంది. పొద్దున్నే ఒక్కసారి నూరి పెట్టుకున్న ముద్దలోంచి మధ్యాహ్నం మీ కోసం తెరాసి తీసేయడం ఎవరి తరమూ కాదు. సంబల్ అనే పచ్చడి సంగతీ ఇదే.

తెరాసి ఒక్కటే కాదు, ఇంకో మూడున్నాయి. ఒకటి సావుస్ తీరమ్, ఆల్చిప్పల సాస్. ఆకుకూర వేపుళ్ళలో, నూడిల్స్‌లో నల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. రెండోది కెచప్ ఇకన్, చేపల సాస్. మూడోది కల్దు, అంటే కోడి లేదా ఎద్దు మాంసం రుచి ఉన్న సూపు పొడి. చిన్న హోటళ్ళలో కూరగాయల సూపులో కూడా ఒక ప్యాకెట్ చించి వేస్తారు. ‘కెచప్’ మాట విని కంగారు పడకండి. అక్కడ కెచప్ అంటే టమాటా సాస్ కాదు, సోయా సాస్. కెచప్ మానిస్ అనే తియ్యటి సోయా సాస్‌ను సోయా, తాటిజాతి బెల్లంతో చేస్తారు. మనం తినొచ్చు. పక్కన ‘ఇకన్’ చేరితేనే చేప.

ఏం చెయ్యాలి? ‘వెజిటేరియన్’ అనే మాట మీద ఆధారపడడం మానేసి, వస్తువుల పేర్లు చెప్పాలి. నేను ఫోనులో ఇండోనేసియా భాషలో రాసి పెట్టుకుని చూపించిన మాటలు ఇవి: “సాయా తిదక్ మాకన్ దాగింగ్, ఆయమ్, ఇకన్, ఉదంగ్.” నేను మాంసం, కోడి, చేప, రొయ్య తినను అని అర్థం. దాని వెంటనే: “తన్‌పా తెరాసి, తన్‌పా సావుస్ తీరమ్, తన్‌పా కెచప్ ఇకన్, తన్‌పా కల్దు, తన్‌పా కెరుపుక్.” తన్‌పా అంటే ‘లేకుండా’. చివర “బిసా?” అని అడగండి. వీలవుతుందా అని. ఇక్కడ ఒక్క క్షణం వాళ్ళ ముఖం చూడండి. వెంటనే “బిసా” అంటే నిశ్చింత. తటపటాయిస్తే ముద్ద ముందే నూరేసి ఉందని అర్థం. అప్పుడు ఆ వంటకం వదిలేసి అప్పటికప్పుడు బాణలిలో చేసేది అడగండి. టోఫు, కూరగాయలు, వెల్లుల్లి, కెచప్ మానిస్‌తో వేపుడు ఐదు నిమిషాల పని.

కారం కావాలంటే సంబల్ జోలికి వెళ్ళకండి. “చాబే రావిత్” అని అడిగితే పచ్చి చిట్టి మిరపకాయలు ఇస్తారు. వాటిని తరిగి కెచప్ మానిస్‌లో వేసి, నిమ్మకాయ పిండుకుంటే అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. పెద్దావిడైతే ‘ఇబు’ అనండి, అమ్మ అని అర్థం. బాలి కుర్రాడిని ‘బ్లీ’ అంటే అన్న అన్నట్టు. ఈ పిలుపుతో వాళ్ళు పొయ్యి దగ్గర నుంచి బయటికొచ్చి మీ మాట పూర్తిగా వింటారు.

సమస్య 2: “మాంసం వద్దంటే సరే అని, కోడి వేసి తెచ్చారు”

దాగింగ్ అంటే మాంసమే. కానీ మాటల్లో అది ఎక్కువగా ఎద్దు, మేక, పంది మాంసాలకు వాడతారు. కోడి వేరు, చేప వేరు. అందుకే పైన చెప్పినట్టు నాలుగు పేర్లూ విడివిడిగా చెప్పాలి. గుడ్డు తినని వాళ్ళు ‘తెలూర్’ కూడా చేర్చాలి. నాసి గోరెంగ్ మీద గుడ్డు అట్టు, మీ గోరెంగ్ అనే నూడిల్స్‌లో కలిపేసిన గుడ్డు మామూలు.

హలాల్ గుర్తు చూసి శాకాహారం అనుకోవద్దు. మన ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు. ప్యాకెట్ వెనక ఆయమ్, సాపి, ఇకన్, ఉదంగ్, బాబి అన్న మాటలు వెతకండి. కోడి, ఆవు, చేప, రొయ్య, పంది అని వరసగా అర్థాలు.

సమస్య 3: “హిందువుల ద్వీపం కదా, మరి శాకాహార హోటళ్ళు ఎందుకు కనపడవు?”

బాలి జనాభాలో 80 శాతానికి పైగా హిందువులే. కానీ వాళ్ళ హిందూ ఆచారంలో శాకాహారం తప్పనిసరి కాదు. 210 రోజులకొకసారి వచ్చే గలుంగన్ పండుగ ముందు రోజు ఇళ్ళలో పందిని కోసి లావర్ చేస్తారు. తరిగిన కూరగాయలు, కొబ్బరి, మాంసం, చాలాచోట్ల రక్తం కూడా కలిపే వంటకం అది. చూడ్డానికి మన బీన్స్ కొబ్బరి కూరలా ఉంటుంది. దయచేసి పొరపాటు పడకండి. ఇది వాళ్ళ పండుగ భోజనం, వాళ్ళకు పవిత్రం. మనం ముఖం చిట్లించకుండా పక్కకు జరగాలి, అంతే.

శాకాహారం కోసం బస ఎక్కడ అన్నదే సగం పరిష్కారం. ఉబుద్‌లో శాకాహార, వీగన్ హోటళ్ళు నడిచి వెళ్ళేంత దూరంలోనే చాలా ఉన్నాయి. కుటా, సెమిన్యాక్ వైపు ఉత్తరాది వంట చేసే ఇండియన్ రెస్టారెంట్లు దొరుకుతాయి. పెద్దవాళ్ళతో వెళ్తుంటే కనీసం సగం రోజులు ఉబుద్‌లో ఉండమంటాను.

సమస్య 4: “నాసి చంపూర్ కొట్లో పాతిక గిన్నెలున్నాయి. ఏది తినొచ్చు?”

వారుంగ్ అంటే చిన్న భోజన హోటల్. అద్దాల బీరువాలో గిన్నెలు వరసగా పెడతారు, మనం వేలితో చూపిస్తే అన్నం చుట్టూ వడ్డిస్తారు. దాన్నే నాసి చంపూర్ అంటారు. డబ్బు తక్కువ, తిండి రుచి. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి.

తెల్లన్నం, అదే నాసి పుతిహ్, నిశ్చింతగా తీసుకోండి. తాహు గోరెంగ్ అంటే వేయించిన టోఫు. టెంపే సోయాగింజల్ని బూజుతో పులియబెట్టి చేసిన అచ్చు, జావా ద్వీపంలో పుట్టినది. ‘బూజు’ అనగానే అత్తయ్య వద్దంది. తర్వాత బెల్లం పాకంలా కెచప్ మానిస్‌తో వేయించిన టెంపే తిని, ఇంకో గరిటె అడిగింది. అయితే ఒకే నూనెలో కోడి కూడా వేయిస్తారు. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు వారుంగ్‌లో వేపుళ్ళు మానేయాలి, వేరే దారి లేదు.

ఉరప్ అంటే ఉడికించిన ఆకుకూర, బీన్స్‌కు కొబ్బరి కోరు పట్టించినది. మన నోటికి బాగా నచ్చుతుంది. కొబ్బరిలో కలిపే మసాలాలో తెరాసి ఉందా అని ఆ ఒక్క ప్రశ్న అడిగి తినండి. కంగ్‌కుంగ్ అంటే మన తూటికూర. వెల్లుల్లితో వేయించమంటే వేయిస్తారు. ‘ప్లెచింగ్ కంగ్‌కుంగ్’ అని ఉంటే మాత్రం వదిలేయండి, ఆ పచ్చడిలో తెరాసి ఉంటుంది.

చూడ్డానికి శాకాహారంలా కనిపించి దెబ్బతీసేవి రెండు. జుకుత్ నంగ్కా, అంటే పనసకాయ కూర. జుకుత్ ఆరెస్, అంటే అరటి దూట పులుసు. రెండూ మన కూరలే కదా అని ప్రాణం లేచి వస్తుంది. కానీ బాలిలో వీటిని తరచు మాంసంతో, ఎముకల రసంతో వండుతారు. పెర్కెదెల్ అనే బంగాళదుంప వడల్లో గుడ్డు ఉంటుంది, ఒక్కోసారి మాంసం కూడా.

గదో-గదో, అంటే ఉడికించిన కూరగాయల మీద పల్లీ పచ్చడి, మనవాళ్ళకు చాలా ఇష్టమవుతుంది. కళ్ళెదుటే రోట్లో పల్లీలు నూరే కొట్టు వెతకండి. నూరక ముందే తెరాసి వద్దని చెప్పండి, పైన గుడ్డు, కెరుపుక్ వద్దనండి. తీపిలో క్లెపోన్ తప్పక తినండి. బియ్యప్పిండి ఉండ్రాళ్ళ లోపల బెల్లం పాకం, పైన కొబ్బరి కోరు. అలాగే నల్లబియ్యం, కొబ్బరిపాలతో చేసే బుబుర్ ఇంజిన్, అచ్చం మన పరమాన్నం.

సమస్య 5: “టూరు ప్యాకేజీలో భోజనం ఉందన్నారు. అక్కడ తినడానికేమీ లేదు”

బాతూర్ కొండ మీద సూర్యోదయం చూడడానికి అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. 1,717 మీటర్ల ఆ అగ్నిపర్వతం పైన ఇచ్చే ఫలహారం సాధారణంగా ఆవిరికి ఉడికిన గుడ్లు, అరటిపండు సాండ్‌విచ్. గుడ్డు తినకపోతే ముందు రోజే చెప్పి అరటిపండ్లు ఎక్కువ పెట్టమనండి. చెప్పకపోతే మీ వంతు గుడ్డే వస్తుంది. కింద కింతామణిలో లోయ వైపు చూస్తూ తినే బఫేల్లో అన్నీ కలిసి ఉంటాయి, గరిటెలు కూడా ఇటూ అటూ మారతాయి. ముందుగా వెళ్ళి, వంటకాలు కదపక ముందే వడ్డించుకోండి.

సనూర్ నుంచి పడవలో వెళ్ళే నూసా పెనిడాలో బీచిల దగ్గర ఎంపిక చాలా తక్కువ. ఆ రోజుకు చపాతీలో, పులిహోరో హోటల్ నుంచి కట్టించుకోవడం మేలు.

సమస్య 6: “మూడో రోజుకు నోరు చప్పబడింది. అన్నం, పెరుగు కావాలి”

ఇది చిన్న సమస్య కాదు. పెద్దవాళ్ళు తిండి తగ్గించేస్తారు, బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్ళకు అది మంచిది కాదు. బయలుదేరేటప్పుడే కందిపొడి, కరివేపాకు పొడి, మాగాయ గట్టిగా ప్యాక్ చేసుకోండి. నూనె పచ్చళ్ళు చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్ల నిబంధన అడ్డొస్తుంది. వారుంగ్‌లో తెల్లన్నం విడిగా కొనండి, సూపర్ మార్కెట్‌లో తియ్యగా లేని ప్లెయిన్ యోగర్ట్ దొరుకుతుంది. పొడి, నెయ్యి, పెరుగన్నంతో ఒక పూట గడిస్తే మళ్ళీ ఊరు చూసే ఓపిక వస్తుంది.

బుల్లి రైస్ కుక్కర్ తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ కావాలి. కరెంటు మాత్రం మనలాగే 230 వోల్టులు. గదిలో వండొచ్చా అని హోటల్‌ను అడగండి. వంటగది ఉన్న విల్లా అయితే ఆ గొడవే లేదు.

సమస్య 7: “ఉల్లి, వెల్లుల్లి కూడా తినం”

జైన్ ఫుడ్ అనే మాట వారుంగ్‌లో తెలియదు. చైనీస్ బౌద్ధులు నడిపే శాకాహార భోజనశాలలు వెతకండి, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి వాడరు. అక్కడ కోడి, చేప ఆకారంలో సోయాతో చేసిన ముక్కలు ఉంటాయి. ముందే చెప్పకపోతే పెద్దవాళ్ళు చూసి కంగారు పడతారు.

సమస్య 8: “విమానంలో హిందూ మీల్ బుక్ చేస్తే కోడి వచ్చింది”

విమాన భోజనాల జాబితాలో ‘హెచ్ ఎన్ ఎం ఎల్’ అంటే హిందువులకు తగిన భోజనం, మాంసాహారం ఉండొచ్చు. మనకు కావలసింది ‘ఎ వి ఎం ఎల్’, అంటే ఏషియన్ వెజిటేరియన్. చాలా సంస్థలకు కనీసం 24 గంటల ముందు చెప్పాలి. తిరుగు ప్రయాణానికి మళ్ళీ విడిగా చూసుకోండి.

సమస్య 9: “కొట్లన్నీ మూసేశారు, బయటికి రానివ్వడం లేదు”

మీరు న్యేపి రోజున అక్కడున్నారు. శక సంవత్సరాది నాడు 24 గంటలు ద్వీపమంతా మౌనం. విమానాశ్రయం కూడా మూసేస్తారు, సందర్శకులతో సహా ఎవరూ రోడ్డెక్కకూడదు. ఇది మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. 2025లో న్యేపి మార్చి 29న, ఉగాది 30న. 2026లో రెండూ మార్చి 19నే. ఉగాది సెలవులకు బాలి టికెట్లు తీసుకునేవాళ్ళు ముందు ఈ తేదీ చూసుకోవాలి. హోటల్లో ఉంటే ఆ రోజు శాకాహారం ఏమిస్తారో రెండు రోజుల ముందే మాట్లాడుకోండి. విల్లాలో ఉంటే బియ్యం, పండ్లు, పెరుగు, రొట్టె ముందు రోజు మధ్యాహ్నంలోగా కొనేయండి, సాయంత్రం ఊరేగింపులతో రోడ్లు నిండిపోతాయి. న్యేపి రాత్రి వెలుతురు బయటికి కనిపించకూడదు కాబట్టి వంట పొద్దు ఉండగానే ముగించండి.