కడుపులో పుండుకి అరటికాయ పొడి, అతిమధురం: ఎలా చేసుకోవాలి, ఎక్కడ ఆపాలి

మా అమ్మ మోకాళ్ల నొప్పులకి రెండేళ్లపాటు డైక్లోఫెనాక్ మింగింది, అదీ చాలాసార్లు పరగడుపునే. మంట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగేది. చివరికి ఎండోస్కోపీలో పుండు బయటపడింది. అప్పటినుంచి బంధువులందరూ తలా ఒక ఆకు పేరు చెప్పడం మొదలుపెట్టారు, వాటిలో పనికొచ్చేవి రెండే అనిపించాయి నాకు.

ముందు ఒక మాట. పుండుకి ఎక్కువగా కారణం ఈ నొప్పి మాత్రలు, లేకపోతే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకే ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. అది కడుపులో ఉంటే ఏ పొడీ దాన్ని వదిలించదు, డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాల్సిందే. అందుకని ముందు టెస్ట్ చేయించుకోండి. ఊపిరి టెస్ట్‌కి వెళ్తుంటే కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ లాంటి మాత్రలు రెండు వారాల ముందే ఆపమంటారు, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. కానీ మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌ని అడిగే ఆపండి.

ఇక అరటికాయ. 1980ల్లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మీద పచ్చి అరటి పొడి వాడి చూస్తే, కడుపు లోపలి పొర గట్టిపడి పుండ్లు తగ్గాయి. ఎలుకల్లో తగ్గిందంటే మనకీ అంతే అని కాదు, కానీ ఇది కూర వండుకునే కాయే కదా, భయం లేదు. ఇందులో కిటుకు ఒకటే, కాయ పచ్చిగా ఉండాలి, పండితే ఆ గుణం ఉండదు. చేతులకి నూనె రాసుకుని (లేకపోతే జిగురుకి వేళ్లు రెండు రోజులు నల్లగా ఉంటాయి) తొక్క తీసి, చిప్స్ కన్నా పల్చగా తరిగి, గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. పొయ్యి మీద వేయించొద్దు. ముక్క విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగిందంటే తడి ఉన్నట్టే, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. మిక్సీలో పట్టి జల్లించి, పుల్లబడని మజ్జిగలో ఒక చెంచా కలిపి భోజనానికి ముందు తాగండి. మలబద్ధకం ఉన్నవాళ్లు అర చెంచాతో మొదలుపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉంటే, పొటాషియం గొడవ కాబట్టి, అసలు వద్దు.

అతిమధురం కథ వేరు, ఇది నిజంగా మందే. 1940ల్లో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టర్ పుండు ఉన్నవాళ్లకి దీని సారం ఇస్తే చాలామందికి తగ్గింది, కానీ కొందరికి కాళ్లూ ముఖమూ వాచాయి. అందులోని గ్లిసరైజిన్ ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లూ, గర్భిణులూ ముట్టుకోవద్దు. మిగతావాళ్లు మూలికల కొట్లో పుల్లలు కొని (పొడి కొంటే ఏం కలిపారో తెలీదు) దంచి, అర చెంచా పొడి గ్లాసున్నర నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, రోజుకొకసారి తాగొచ్చు. నాలుగు వారాలు దాటనివ్వకండి. డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ రాయండి, లేకపోతే నెల కాస్తా మూడు నెలలవుతుంది, మా ఇంట్లో అయింది.

క్యాబేజీ రసం గురించి కూడా చెప్తారు. 1949లో కాలిఫోర్నియాలో ఒక డాక్టర్ 13 మందికి రోజుకి సుమారు లీటరు తాగించాడట, ఆ పచ్చి వాసనకి మా అమ్మ గ్లాసు దగ్గరికే రాలేదు.

వీటిలో ఏది తాగినా, మాత్రలకి రెండు గంటలు అటూ ఇటూ ఉంచండి, డాక్టర్‌కి దాచకండి. పుండులోంచి రక్తం కారితే విరేచనం నల్లగా వస్తుంది. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకి కూడా నల్లగానే వస్తుంది, అది వేరే. తారులా జిగటగా, భరించలేని కంపుతో వచ్చినా, వాంతిలో కాఫీ పొడి లాంటిది కనిపించినా అది రక్తమే అనుకుని, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.