విదేశాల్లోని సేవా పనులకు పారిష్ సొమ్ము: ఎంపిక చేసే పద్ధతి

ఇంగ్లండ్‌లోని ఆంగ్లికన్ పారిష్ అంటే మన కతోలికులు విచారణ అనీ, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు పాస్టరేట్ అనీ పిలుచుకునేదే. దాని జమాఖర్చులు చూసేది వికారు (పారిష్ గురువు), వార్డెన్లు (చర్చి పెద్దలు), సంఘస్థులు ఎన్నుకున్న సభ్యులు కలిసి కూర్చునే పరోకియల్ చర్చి కౌన్సిల్. ఆ కౌన్సిల్లో ఒక తెలుగువారు ఉంటే, విదేశీ సాయం మాట వచ్చిన ప్రతిసారీ అందరి చూపూ వారి వైపే తిరుగుతుంది, "మీకు తెలిసిన మంచి సంస్థ ఏదైనా ఉందా?" అని. ఆ క్షణంలో పేరు చెప్పకుండా ఉండటమే మంచిది, ఎందుకంటే సంస్థ పేరు చర్చకు రాకముందే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట తేల్చవలసింది మొత్తం. ఆదాయంలో పదోవంతు బయటి సేవకు ఇవ్వాలని కొన్ని పారిష్‌లు నియమం పెట్టుకుంటాయి, కొన్ని అంతకంటే తక్కువతో సరిపెడతాయి. ఎంతైనా సరే, ఏటి బడ్జెట్‌లోనే అంకె నిర్ణయించాలి తప్ప, దరఖాస్తు చదివి మనసు కరిగిన రోజున కాదు. ఇక ప్రత్యేక కానుక పట్టేటప్పుడు ప్రకటనలోని ప్రతి మాటకూ విలువ ఉంటుంది. "ఉగాండాలోని బడి కప్పు కోసం" అని పట్టిన సొమ్ము ఆ కప్పుకే చెందుతుంది, మిగిలినా దాన్ని మరో పనికి మళ్లించే స్వేచ్ఛ కౌన్సిల్‌కు ఉండదు. అందువల్ల "ఆ పని సాగకపోయినా, సొమ్ము మిగిలినా, అటువంటి మరో పనికి వాడతాము" అన్న ఒక్క వాక్యాన్ని ముందే చేర్చి చదవాలి. బ్రిటన్‌లో పన్ను కట్టేవారు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే, వారిచ్చే ప్రతి 100 పౌండ్లకు ప్రభుత్వం నుంచి మరో 25 పౌండ్లు వస్తాయి కాబట్టి, ఆ ఫారాలు కానుక కవర్లతోపాటే పంచాలి.

రెండోది, సొమ్ము ఏ దారిన వెళ్లాలన్నది. కౌన్సిల్ సభ్యులందరూ చట్టం దృష్టిలో ధర్మకర్తలే. విదేశీ సంస్థకు పంపిన డబ్బు ధర్మకార్యానికే ఖర్చవుతుందని నిర్ధారించుకోవడానికి తగిన చర్యలు తీసుకున్నట్టు చూపలేకపోతే, బ్రిటిష్ పన్నుల శాఖ ఆ మొత్తంపై రాయితీని నిరాకరించవచ్చు. క్రిస్టియన్ ఎయిడ్, టియర్‌ఫండ్, 1701 నుంచీ పనిచేస్తున్న యు.ఎస్.పి.జి. వంటి బ్రిటిష్ క్రైస్తవ సేవా సంస్థల ద్వారా పంపితే ఈ పరిశీలన చాలావరకు వారే చేస్తారు. నేరుగా పంపితే ఆ భారమంతా కౌన్సిల్‌దే. ఏడాదికి రెండు మూడు వేల పౌండ్లకు మించి ఇవ్వలేని పారిష్, అందులోనూ ఉత్తరాలు రాసి లెక్కలు అడిగే తీరిక ఎవరికీ లేని పారిష్, నేరుగా పంపే జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ రెంటికీ నడుమ మరో దారి ఉంది. చాలా ఇంగ్లిష్ డయోసిస్‌లకు (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాలకు) విదేశాల్లో జోడు డయోసిస్‌లు ఉన్నాయి: సాలిస్‌బరీకి సూడాన్, దక్షిణ సూడాన్ సంఘాలతోనూ, గ్లాస్టర్‌కు మన డోర్నకల్‌తోనూ అనుబంధం ఉంది. ఇక్కడ రాకపోకలు, ముఖపరిచయాలు ముందునుంచే ఉంటాయి కనుక వాకబు చేయడం తేలిక. డోర్నకల్ చరిత్రలో ఈ ఎంపికకు పనికొచ్చే విషయం కూడా ఒకటి ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అక్కడికి నియమితులైన వి.ఎస్. అజరయ్య, అంతకు ముందు 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పినవారిలో ఒకరు. భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో నడవాలని పెట్టిన ఆ సంఘమే డోర్నకల్‌లో పని మొదలుపెట్టింది. కాబట్టి పేదలైన స్థానికులు తమ వంతు ఏమీ ఇవ్వలేరని ముందే అనుకోవడం సరికాదు. "మీ వంతుగా మీరేం వేస్తున్నారు?" అని దరఖాస్తుదారును అడగడంలో తప్పు లేదు. కూలీ పని కావచ్చు, స్థలం కావచ్చు, ఇంటికి యాభై రూపాయలు కావచ్చు, ఏదో ఒకటి ఉండాలి.

ఇక దరఖాస్తును ఎలా చదవాలో చూద్దాం. రాయలసీమలోని ఒక ఊరికి బోరు వేయించమని విన్నపం వచ్చిందనుకోండి. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ బిందెలు మోస్తున్న స్త్రీల ఫొటోలే ఉంటాయి, అడిగిన మొత్తం చివర్లో ఒకే అంకెగా ఉంటుంది. ముందు ఆ అంకెను విడగొట్టి పంపమనాలి: డ్రిల్లింగ్ అడుగుకు ఎంత, కేసింగ్ పైపు ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని హెచ్.పి., కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంటుంది. నీళ్లు పడకపోతే ఏం చేస్తారన్నది ఆ తర్వాతి ప్రశ్న. పడినా పడకపోయినా డ్రిల్లింగ్ డబ్బు కట్టవలసిందే గనుక అక్కడి రైతు ఎవరైనా మొదట అడిగేది ఇదే, కానీ వికారుగారికి ఇది తట్టకపోవచ్చు. స్థలం చర్చి ఆవరణలోనిదైతే గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, నీళ్లు సంఘస్థులకేనా ఊరందరికీనా అని అడగాలి. ఊరందరికీ అంటే, ఎస్సీ కాలనీ వారూ పెద్ద వీధి వారూ ఒకే కుళాయి దగ్గర పట్టుకుంటారా అని కూడా అడగాలి. మూడేళ్లకు మోటారు కాలిపోతే రీవైండింగ్ డబ్బులు ఎవరిస్తారో రాయని దరఖాస్తును, ఫొటోలు ఎంత బాగున్నా, నేనైతే తిప్పి పంపిస్తాను.

పిల్లల హాస్టళ్లు, అనాథాశ్రమాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇటువంటి ఆశ్రమాల్లో ఉంటున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. ఇంటి దగ్గరే ఉంచి చదివించడానికి సాయం చేయగల పని ఉంటే దానికే ముందు చోటు ఇవ్వాలి. పిల్లల రక్షణ విధానం రాతపూర్వకంగా లేని సంస్థను అక్కడితో వదిలేయవచ్చు.

భారతదేశానికి పంపదలిస్తే దాటవలసిన గడప మరొకటి ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం, అందుకునే సంస్థకు కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి, దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది కాబట్టి, సర్టిఫికెట్ ఉందా అని అడిగి ఊరుకోక, దాని గడువు తేదీ చూడాలి. "పాస్టరుగారి సొంత ఖాతాలో వేయండి, మేం సర్దుకుంటాం" అన్న మాట వినిపిస్తే, అది అమాయకత్వంతో అన్నదైనా సరే, అక్కడితో ఆగిపోవాలి. అలా పంపితే చిక్కుల్లో పడేది ఆ పాస్టరే. సంస్థలో కౌన్సిల్ సభ్యుల బంధువులు ఉంటే ఆ సభ్యులు ముందే చెప్పి, ఓటింగ్ సమయంలో బయటికి వెళ్లాలి. బావమరిది నడిపే బడి నిజంగా మంచిదే కావచ్చు, అయినా ఆ మాట చెప్పవలసింది మిగతావారు.

నిర్ణయించే రోజున పది సంస్థలకు తలా 500 పౌండ్లు పంచితే ఎవరినీ నొప్పించలేదన్న తృప్తి తప్ప వేరే ఫలితం ఉండదు. పది నివేదికలు ఎవరూ చదవరు. రెండు పనులు ఎంచుకుని మూడేళ్లపాటు నిలబడితే మేలు. తీర్మానంలో మొత్తం, విడతలు, ముగింపు తేదీ స్పష్టంగా రాయాలి. ఎంపిక కానివారికి కారణం చెబుతూ నాలుగు వాక్యాల ఉత్తరం రాయడం మర్యాద. తుపానులు, భూకంపాల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచాలి గానీ పాత బట్టల మూటలు పంపకూడదు.

మొదటి విడతకు రసీదులు, స్థానిక కరెన్సీలో లెక్క, పని జరిగిన చోటి వివరం అందిన తర్వాతే రెండోది పంపాలి. అయితే బోరులో నీళ్లు పడలేదని నిజాయితీగా రాసిన సంస్థను చెడ్డదిగా ఎంచి తలుపు మూసేయకూడదు. మోటారు కోసం ఉంచిన డబ్బుతో పాత మంచినీటి బావి పూడిక తీయించవచ్చా అని వారు అడిగితే, కోశాధికారి కానుక పట్టిన నాటి ప్రకటనను తీసి చదవాలి. మిగిలిన సొమ్ము గురించిన ఆ ఒక్క వాక్యం అందులో ఉంటే, కొత్త తీర్మానం ఆ సాయంత్రమే చేసేయవచ్చు.