కరెంటు లేని రాత్రి ఇంటి వెలుగు – మూడవ పాఠం: దీపానికి చోటు

గత పాఠంలో ఒత్తి, నూనెల సంగతి తెలుసుకున్నాం. ఆముదం, నువ్వుల నూనె చిక్కగా ఉండటం వల్ల ఒత్తిలో ఎక్కువ ఎత్తుకు ఎక్కలేవని, అందుకే ప్రమిదను లోతు లేకుండా చేసి జ్వాలను నూనెకు దగ్గరగా ఉంచుతారని, కిరోసిన్ పలుచన కనుక లాంతరు అడుగున ఉన్న తొట్టి నుంచి బెత్తెడు పైకి సులువుగా ఎక్కుతుందని చెప్పుకున్నాం. ఒక ప్రమిదను నీళ్లలో నానబెట్టి, మరొకదాన్ని పొడిగా ఉంచి, రెండింటిలోనూ నూనె పోసి చూడమన్న అభ్యాసాన్ని చేసినవారికి, నానని ప్రమిద అడుగున నూనె చెమ్మ కనిపించి ఉంటుంది. ప్రమిద కింద పళ్లెం లేకపోతే ఆ చెమ్మ చెక్క బల్లకో, బల్ల మీది గుడ్డకో అంటుకుంటుంది. దీపాన్ని ఎక్కడ, దేని మీద పెట్టాలన్నదే ఈ పాఠం. ఈ పాఠమాలలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే భాగం ఇదే.

చోటును చీకటి పడ్డాక వెతకకూడదు. పగలే నిర్ణయించుకొని, ఇంట్లో అందరికీ చూపించి ఉంచాలి. కొలతకు టేపు అవసరం లేదు. మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా ఉండే మూర చాలు, అది చీకట్లోనూ మన దగ్గరే ఉంటుంది. జ్వాలకు నాలుగు పక్కలా మూరెడు దూరంలో కాలే వస్తువేదీ ఉండకూడదు. జ్వాలకు పైన మాత్రం కనీసం రెండు మూరల ఖాళీ ఉండాలి. వేడి గాలి తేలికై నిట్టనిలువునా పైకి లేస్తుంది కాబట్టి, పక్కన చల్లగా అనిపించే దూరంలోనే పైన ఉన్న క్యాలెండరు కాగితం ముందు గోధుమరంగుకు తిరిగి, తర్వాత అంటుకోగలదు. పూజ అలమరలో పై అరకు అతికించిన ప్లాస్టిక్ కాగితం, వేలాడే పూలదండ, పైనుంచి దిగే దోమతెర, ఇవన్నీ ఈ పై ఖాళీని ఆక్రమించే వస్తువులే. నైలాన్, పాలిస్టర్ దోమతెరలైతే కరిగి, ఆ కరిగిన ముద్ద ఒంటికి అంటుకుంటుంది. అందువల్ల దోమతెర కట్టిన గదిలో కొవ్వొత్తి పెట్టడమే వద్దు, అక్కడ టార్చిలైటు వాడండి.

పూర్వం మందపాటి ఇటుక గోడల్లో దీపపు గూళ్లు కట్టేవారు. చుట్టూ కాలేదేమీ లేకుండా, గాలి తాకిడి తగలకుండా, పాకే పిల్లల చేతికి అందకుండా ఉండే ఆ గూటికి మించిన చోటును నేనింతవరకు చూడలేదు. ఇప్పటి మన ఫ్లాట్లలో దానికి దగ్గరగా వచ్చేది గోడకు బిగించిన కడప బండ అలమర. అయితే దాని మధ్య అరలు పనికిరావు, పైన వస్తువులు లేని అర మాత్రమే వాడాలి. వంటగట్టు రాతిదే అయినా గ్యాసు పొయ్యి, నూనె డబ్బాలు, చేతి గుడ్డలు అక్కడే ఉంటాయి కనుక దాన్ని వదిలేయండి. ఫ్రిజ్, టీవీ, ప్లాస్టిక్ కుర్చీ, ఇన్వర్టరు పెట్టె దీపానికి పీటలు కావు. ఇన్వర్టరు బ్యాటరీ చార్జింగు వేళ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది, దాని దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు.

అగ్గిపుల్ల గీసే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది వాసన చూడటం. వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి నేల మీద పరుచుకొని గది మూలలకు చేరుతుంది. వాసన తగిలితే అగ్గిపుల్ల గీయకుండా, ఏ స్విచ్చినీ ముట్టకుండా, సిలిండరు రెగ్యులేటరు ఆపేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోను చేయాలి.

రెండవది ఫ్యాను స్విచ్ ఆపడం. దీన్ని చాలా ఇళ్లలో మరచిపోతారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. విజయవాడ, గుంటూరుల్లో ఫ్యాను తిరుగుతూ ఉండగానే కరెంటు పోతుంది, స్విచ్ వేసినట్టే ఉండిపోతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు ఫ్యాను, కూలరు ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టి కిటికీ తెరను జ్వాల మీదికి విసరగలవు. అప్పటికి ఇంట్లోవారు సగం నిద్రలో ఉంటారు. కరెంటు వచ్చిందని తెలియడానికి ఒక్క ట్యూబులైటు స్విచ్ వేసి ఉంచితే సరిపోతుంది.

ఇక వెలుగు. దీపానికి రెండింతలు దూరం జరిగితే మన పుస్తకం మీద పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల గది నిండా ఐదు కొవ్వొత్తులు చెదరగొట్టడం కంటే, తెల్లని గోడ ముందు, వెనకాల ఒక స్టీలు పళ్లెం నిలబెట్టి, ఒకే దీపాన్ని పనికి దగ్గరగా ఉంచుకోవడం మేలు. కాపలా కాయవలసిన జ్వాల కూడా ఒకటే అవుతుంది. కింద వెడల్పాటి మరో స్టీలు పళ్లెంలో అంగుళం మందాన ఇసుక పోసి దానిలో ప్రమిదను కుదురుగా కూర్చోబెట్టండి. కొవ్వొత్తినైతే కరిగిన మైనంతో పళ్లానికి అతికించి, చుట్టూ కాసిని నీళ్లు పోయండి.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కిరోసిన్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే స్థితికి సుమారు 38 డిగ్రీల వద్ద చేరుతుంది. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీల ఎండ కాసే రోజులుంటాయి. మేడ మీది రేకుల గదిలో దాచిన కిరోసిన్ డబ్బాను అప్పుడు పెట్రోలుతో సమానంగా భావించి భయపడాలి. నువ్వుల నూనె ఆ స్థితికి రావాలంటే 200 డిగ్రీలు దాటాలి. ఈ ఒక్క కారణంతో వేసవిలో నేను లాంతరు కంటే ప్రమిదకే ఓటు వేస్తాను. మూతకు చిల్లు పెట్టి చేసిన సీసా బుడ్డిని ఏ కాలంలోనూ వాడవద్దు, ఒరిగితే కిరోసినంతా నేల మీద పారుతుంది. కొవ్వొత్తి మైనం కూడా 50 డిగ్రీలు దాటితే కరగడానికి సిద్ధమవుతుంది. పడమటి గోడ అలమరలో నిలబెట్టినవి వేసవికి వంగిపోతాయి కాబట్టి, వాటిని డబ్బాలో పడుకోబెట్టి చల్లని చోట ఉంచాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు అనేక ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి రాత్రి కింది అంతస్తులవారు పరుపులు, బట్టల మూటలతో పై అంతస్తులకు చేరుతారు, వీధిలోకి అగ్నిమాపక వాహనం రావడం కుదరదు. అప్పుడు నేల మీద దీపం పెట్టకండి. గదికి ఒకే దీపం, దానికి మేలుకొని ఉండే మనిషి ఒకరు, కొద్దిగా తెరిచిన కిటికీ ఒకటి ఉండాలి. తలుపులన్నీ బిగించిన గదిలో జ్వాల ప్రాణవాయువును తగ్గించి, కంటికి కనిపించని, వాసన లేని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువును పెంచుతుంది. కాపలా మనిషికి నిద్ర వస్తే దీపం కొండెక్కించవలసిందే.

కొండెక్కించేటప్పుడు నీళ్లు చల్లితే వేడి నూనె చిట్లి ముఖం మీద పడుతుంది. ఒక పుల్లతో ఒత్తిని నూనెలోకి లాగండి, కొవ్వొత్తి మీద స్టీలు గ్లాసు బోర్లించండి. చేయి కాలితే పారే నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. పెద్ద గాయమైతే 108కి, మంటలు వ్యాపిస్తే అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి.

అభ్యాసం: పెద్దవారు మాత్రమే చేయండి. పైట కొంగు దోపుకొని, గాజులు పైకి జరుపుకొని, నిర్ణయించుకున్న చోట దీపం వెలిగించండి. అరచేతిని జ్వాలకు పక్కగా మూరెడు దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చి, వేడి భరించలేనిదయ్యే చోట ఆపి కొలవండి. తర్వాత అదే అరచేతిని రెండు మూరల ఎత్తు నుంచి కిందికి దించి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ రాసి ఉంచుకోండి, వచ్చే పాఠంలో లాంతరు చిమ్నీ లోపలి గాలి నడకను వాటితోనే వివరిస్తాను. ఆ పాఠానికి పాత నూలు గుడ్డ, పొడి బూడిద, చిన్న కత్తెర సిద్ధం చేసుకోవాలి.