లెవాంతో నుంచి పోర్తోవేనెరే దాకా: చింక్వే తెర్రే తీరాన్ని నడిచి చూడాలంటే

ఇటలీ టూర్ ప్యాకేజీల్లో చింక్వే తెర్రే అనే ఐదు తీరపు ఊళ్లకి కలిపి ఒక్క పూట ఇస్తారు. పొద్దున్న బస్సులో పక్కనున్న లా స్పెజియా నగరం, అక్కడి నుంచి రైలు, రెండు ఊళ్లలో ఫొటోలు, చేతిలో ఒక జెలాటో ఐస్‌క్రీమ్, చీకటి పడేలోగా హోటల్. ఆ డబ్బుతో ఇంకో ఊరు చూడటం నయం. ఎందుకంటే ఈ ఐదు ఊళ్ల మధ్య రైలు ఎక్కువగా సొరంగాల్లోనే పోతుంది. రైల్లో కూర్చున్న వాళ్లకి స్టేషన్ల దగ్గర కాస్త సముద్రం కనిపిస్తుంది, మళ్లీ చీకటి. చూడాల్సిందంతా ఆ సొరంగాల పైన కొండ మీద ఉంది. దాన్ని చూడాలంటే నడవాలి.

నడక అనగానే భయపడకండి. నేను విశాఖలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని, అరవై దాటాయి. టెంట్లు వేసుకుని కొండలెక్కే రకాన్ని కాదు. మా అమ్మాయి తూరిన్‌లో ఉంటుంది కాబట్టి అటు వెళ్లడం కుదిరింది. నాతో మా తోడికోడలు నడిచింది. మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. ఆయన రైలెక్కి తర్వాతి ఊళ్లో దిగి, ఏదో ఒక బెంచీ మీద పేపరుతో కూర్చునేవారు, మేం కొండ దిగి వచ్చి కలిసేవాళ్లం. ఇంట్లో ఒకరు నడవగలిగి ఒకరు నడవలేకపోయినా కలిసి వెళ్లగలిగే నడక దారులు ప్రపంచంలో ఎన్నో ఉండవు. 1874లో పూర్తయిన ఆ రైలు మార్గం పుణ్యమా అని ఇక్కడ అది సాధ్యం. చివరి రోజు తప్ప, కాళ్లు నొప్పి పుట్టినా, వాన పట్టినా, తర్వాతి ఊరికి చేరితే చాలు, స్టేషన్ ఉంటుంది.

ముందు దారి ఎలా ఉంటుందో చెప్తాను. ఇటలీ వాయవ్యాన ఉన్న లిగూరియా తీరం మీద పడమర నుంచి తూర్పుకి వరుసగా మోంతెరొస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. ఇవే ఆ ఐదు. వీటికి పడమటి చివర లెవాంతో, తూర్పు చివర పోర్తోవేనెరే. చాలామంది ఐదు ఊళ్ల మధ్యే తిరుగుతారు. నా మాట వింటే లెవాంతోలో మొదలుపెట్టి పోర్తోవేనెరేలో ముగించండి. మొదటి రోజు దారీ చివరి రోజు దారీ ఐదు ఊళ్ల పరిధి దాటి ఉంటాయి. వాటి మీద నడవడానికి టికెట్ లేదు, జనం తక్కువ, కనిపించే సముద్రం ఎక్కువ.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదా సెప్టెంబర్ రెండో సగం. జులై, ఆగస్టుల్లో ఎండా జనమూ రెండూ భరించలేం. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీ వాళ్లకి సెలవులు, ఈస్టర్ కూడా ఉంటుంది. ఆ రోజులు తప్పించుకోండి. అక్టోబర్ అందంగానే ఉంటుంది గానీ వానలతో గొడవ. 2011 అక్టోబర్ 25న వచ్చిన వరద మోంతెరొస్సో, వెర్నాజ్జాల వీధుల్ని బురదతో, రాళ్లతో నింపేసింది. వాతావరణ హెచ్చరిక వస్తే దారులు మూసేస్తారు, అప్పుడు గేటు దగ్గర బతిమాలి ఉపయోగం లేదు. ఏ రోజు ఏ దారి తెరిచి ఉందో ఈ దారుల్ని చూసుకునే చింక్వే తెర్రే నేషనల్ పార్క్ వెబ్‌సైట్‌లో పెడతారు. ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున్న టిఫిన్ దగ్గర ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వీసా సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా: షెంగెన్ వీసా, పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజ్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్ల కోసం టెన్షన్ పడేకన్నా జనవరిలోనే పని మొదలుపెట్టండి.

బస ఎక్కడ అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. రోజుకో ఊళ్లో పడుకుంటూ పోవాలని మా తోడికోడలి కోరిక. వినడానికి బాగుంది, కానీ ఆ ఊళ్లన్నీ మెట్లే. కారు లోపలికి రాదు, గది మూడో అంతస్తులో ఉంటే లిఫ్ట్ ఉండదు, సూట్‌కేసు మోసేది మీరే. రైళ్లు ఇంత తరచుగా ఉన్నప్పుడు ఆ అవస్థ దేనికి? సగం రాత్రులు లెవాంతోలో, మిగతావి లా స్పెజియాలో తీసుకోండి. ఒకేఒకసారి సామాను మారుతుంది. అద్దెలు కూడా ఐదు ఊళ్లలోకన్నా తక్కువ. పొద్దున్న రైల్లో నడక మొదలయ్యే ఊరికి వెళ్లి, సాయంత్రం నడక ముగిసిన ఊరి నుంచి రైల్లో వెనక్కి రావడమే. లెవాంతోలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకో తిండి దగ్గర చెప్తాను. గది అద్దె కాకుండా టూరిస్ట్ ట్యాక్స్ విడిగా అడుగుతారు, అది మోసం కాదు.

చేరడం సులువు. మిలాన్ నుంచి సుమారు మూడు గంటల రైలు, పీసా నుంచి లా స్పెజియాకి గంట. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం మీద ఉండే మెషీన్‌లో ముద్ర వేయించాలి. మర్చిపోతే ఫైన్.

ఇక కాళ్లు. ఇక్కడి దూరాలు చూసి మోసపోకండి. రెండు ఊళ్ల మధ్య మూడున్నర కిలోమీటర్లే అంటారు, కానీ అది ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. అదీ ఎత్తు పల్లాలున్న రాతి మెట్ల మీద. శ్రీవారి మెట్టు దారిలో తిరుమల ఎక్కగలిగిన వాళ్లు ఈ నడకలో ఏ రోజునైనా పూర్తిచేయగలరు. మేం బయల్దేరే ముందు రెండు నెలలు వారానికోసారి సింహాచలం మెట్లు ఎక్కాం. ఎక్కడం కన్నా దిగడం ప్రాక్టీస్ చేయండి. మోకాలికి పని చెప్పేది అదే. వాకింగ్ స్టిక్స్ తీసుకెళ్తే చెకిన్ బ్యాగులో పెట్టండి, క్యాబిన్‌లోకి రానివ్వరు. బూట్లు కొత్తవి వద్దు, అరికాలు పట్టు ఉన్నవి కావాలి. చెప్పులతో, శాండిల్స్‌తో దారి మీదికి వస్తే 50 నుంచి 2500 యూరోల దాకా జరిమానా అని 2019లో పార్క్ వాళ్లు ప్రకటించారు. ఏటా ఎందరినో కొండ మీద నుంచి మోసుకు దింపాల్సి వచ్చి తెచ్చిన రూల్ అది. చీరలో నడవొచ్చా అని నన్ను అడిగిన వాళ్లున్నారు. మెట్ల మీద కుచ్చిళ్లు చూసుకుంటూ నడిస్తే సముద్రం ఎప్పుడు చూస్తారు? చుడీదార్ చాలు.

మొదటి రోజు: లెవాంతో నుంచి మోంతెరొస్సో. రెండున్నర నుంచి మూడు గంటలు. ఊరి చివర నుంచి ఎక్కుతూ పుంతా మెస్కో అనే కొండకొన దాకా వెళ్తారు. అక్కడ పాడుబడిన సంత్ అంతోనియో ఆశ్రమం గోడలు ఉన్నాయి. ఆ పక్క నుంచి చూస్తే ఐదు ఊళ్ల తీరమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. మిగతా నాలుగు రోజులు ఎక్కడెక్కడ నడవబోతున్నారో అక్కడే లెక్క తెలుస్తుంది, అందుకే ఈ దిశలో నడవమంటున్నాను. తర్వాత నిటారు దిగుడు. తొందరపడొద్దు. మోంతెరొస్సోలో మంచి ఇసుక బీచ్ ఉంది, బూట్లు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టండి. 1975లో నోబెల్ అందుకున్న కవి యూజేనియో మొంతాలే చిన్నప్పుడు వేసవులు గడిపిన ఊరు ఇది.

రెండో రోజు: మోంతెరొస్సో నుంచి వెర్నాజ్జా, ఓపిక ఉంటే అక్కడి నుంచి కోర్నీలియా. ఈ రెండు ముక్కలకీ పార్క్ వాళ్ల టికెట్, అంటే చింక్వే తెర్రే కార్డు, కావాలి. ట్రెకింగ్ కార్డులో రైలు కలవదు, ట్రెయిన్ కార్డులో దారీ రైలూ రెండూ కలుస్తాయి. ధర సీజన్ని బట్టి, రోజుని బట్టి మారుతుంది. మాకు రోజూ రైలు అవసరం కాబట్టి కార్డు దారి ఉన్న రోజున ట్రెయిన్ కార్డు, మిగతా రోజుల్లో మామూలు టికెట్ తీసుకున్నాం. ఎనిమిదింటికల్లా మెట్ల దగ్గర ఉండండి. తొమ్మిదిన్నర దాటాక రైళ్ల నుంచి గుంపులు దిగుతాయి, ఇరుకు దారిలో ఎదురెదురు పడి ఒకరు గోడకి అతుక్కుని నిలబడితే గానీ ఇంకొకరు పోలేరు. రద్దీ రోజుల్లో ఈ దారిని వన్ వే కూడా చేస్తుంటారు. వెర్నాజ్జాలోకి దిగేటప్పుడు మీకు కనిపించే దృశ్యం క్యాలెండర్ల మీద మీరు చూసిందే: రేవు, చర్చి, దొరియా కోట బురుజు. అక్కడ భోంచేసి కోర్నీలియాకి ఇంకో గంటన్నర.

కోర్నీలియా ఒక్కటే సముద్రం ఒడ్డున లేదు, వంద మీటర్ల ఎత్తులో కొండ మీద ఉంది. అందుకే పడవలు అక్కడ ఆగవు. స్టేషన్‌కి దిగాలంటే లర్దరీనా అనే మెట్ల వరుస, 380 దాకా మెట్లు. మా ఆయన స్టేషన్ నుంచి చిన్న బస్సులో పైకి వచ్చారు. మెట్ల కింద నిలబడి పైకి చూసి, “ఇది నాకు కాదమ్మా” అని బస్సు క్యూలోకి వెళ్లిపోయారట.

మూడో రోజు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒకే ఒక రోజు నడవగలను అనేవాళ్లు ఈ రోజే నడవాలి. కోర్నీలియా నుంచి మనరోలాకి తీరం వెంబడి ఉన్న దారి కొండచరియలు పడి ఏళ్ల తరబడి మూతపడింది. కాబట్టి పైకెక్కి వొలాస్త్రా అనే పల్లె మీదుగా వెళ్లాలి. టికెట్ లేదు. మొదటి ముప్పావు గంట అడవిలో కష్టమైన ఎక్కుడు. ఆ తర్వాత దారి చదునుగా, ద్రాక్షతోటల మధ్య, సముద్రానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో సాగుతుంది. ఒక పక్క తీగలు, ఇంకో పక్క అడుగు వెడల్పు దాటితే లోయ. కొండవాలుని మెట్లుగా కోసి, సిమెంటు సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలివి. వందల ఏళ్ల పని. ఆ గోడలు నిలవకపోతే కొండ జారి ఊళ్ల మీద పడుతుంది, అందుకే ఇప్పటికీ బాగుచేస్తూ ఉంటారు. 2018లో ఇలా రాళ్లు పేర్చే విద్యని యునెస్కో తన జాబితాలో చేర్చింది. పళ్లు మోయడానికి ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి కనిపిస్తుంది, దాని మీదెక్కి ఫొటోలు దిగకండి, అది రైతులది. గోడల మీద కూర్చోవద్దు, ఒక రాయి కదిలితే పక్కవీ వస్తాయి. వొలాస్త్రాలో చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్నది తినండి. మనరోలాకి దిగుడు వందల మెట్లు. మోకాళ్లు మొరాయిస్తే వొలాస్త్రా నుంచి బస్సు ఉంది, సిగ్గుపడాల్సిన పని లేదు.

నాలుగో రోజు విశ్రాంతిగా పెట్టుకోండి. మనరోలా, రియోమజ్జోరేల మధ్య ‘వియా దెల్లమోరె’ కిలోమీటరు కూడా లేని చదును దారి. 2012లో రాళ్లు పడి నలుగురు గాయపడ్డాక మూసేశారు, 2024లో తెరిచారు. దీనికి కార్డు కాక అదనంగా డబ్బు కట్టి, టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. నడిచే వాళ్లకి ఇది అంత గొప్ప దారేం కాదు. కానీ మా ఆయన మాతో కలిసి నడిచింది ఇక్కడే, కాబట్టి ఆ డబ్బు దండగ అనను.

ఐదో రోజు: రియోమజ్జోరే నుంచి పోర్తోవేనెరే. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, ఆగుతూ పోతే ఆరు గంటలు. మొదట మోంతెనేరో చర్చికి, అక్కడి నుంచి 500 మీటర్ల ఎత్తున్న తెలెగ్రాఫో కనుమకి. తర్వాత పైన్ చెట్ల నీడ, కంపీలియా అనే పల్లె. రాళ్ల మీద ఎరుపు తెలుపు పట్టీల గుర్తులు చూసుకుంటూ పోవాలి, పది నిమిషాలు గుర్తు కనపడకపోతే వెనక్కి తిరగండి. ఈ రోజు మాత్రం మధ్యలో రైలు లేదు. అందుకే తెల్లవారగానే బయల్దేరండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఒంటరిగా వద్దు. ప్రమాదమైతే 112. చివరి దిగుడులో పోర్తోవేనెరే కోట, రాతి కొన మీద నలుపు తెలుపు చారల సాన్ పియెత్రో చర్చి, ఎదురుగా పల్మారియా ద్వీపం కనిపిస్తాయి. దిగే దారి రాళ్లు రాళ్లు. ఇక్కడే స్టిక్స్ పనికొచ్చేది.

తిండి. శాకాహారులకి లిగూరియా కష్టం కాదు. పెస్తో అనే పచ్చడి ఇక్కడిదే, తులసి జాతి ఆకుతో చేస్తారు. కానీ అందులో వేసే పార్మిజాన్ చీజ్‌కి పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకుని తినండి. ఫరినాతా అనే అట్టుకి అయితే ఏ పేచీ లేదు: సెనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. వేడివేడిగా కొనుక్కుని, మీతో తెచ్చుకున్న కారప్పొడి చల్లుకుంటే ఇంకేం కావాలి! దారి కోసం పొద్దున్నే ఫొకాచ్చా రొట్టె కొనిపెట్టుకోండి. ‘సెంజా కార్నె, సెంజా పెషె’ అంటే మాంసం, చేప లేకుండా అని. సూప్‌లో, రిసోత్తో అనే అన్నం వంటకంలో మాంసం నీళ్లు పోశారేమో విడిగా అడగాలి. రెస్టారెంట్లు మధ్యాహ్నం మూసి రాత్రి ఏడు, ఏడున్నరకి తెరుస్తారు. ఆకలితో దిగి వచ్చినవాళ్లకి అది పరీక్షే. వంటగది ఉన్న గది తీసుకోమన్నది అందుకే. లెవాంతో సూపర్ మార్కెట్‌లో బియ్యం దొరుకుతుంది, ‘యోగుర్త్ బియాంకో’ అంటే సాదా పెరుగు. రాత్రికి పెరుగన్నం, ఊరగాయ. ఇక్కడి నుంచి నెయ్యి, పన్నీర్ లాంటి పాల పదార్థాలు మాత్రం పెట్టుకోకండి, యూరప్‌లోకి తేనివ్వరు. పల్లీ చిక్కి, చెక్కలు తెచ్చుకోండి, కొండ మీద అవే ప్రాణం.

పోర్తోవేనెరేకి రైలు లేదు. లా స్పెజియాకి బస్సులో అరగంట, టికెట్ ముందే ‘టి’ బోర్డు ఉన్న కొట్లో కొనండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, సముద్రం శాంతంగా ఉంటే, పడవలు కూడా ఉంటాయి. మీరు నడిచిన కొండల్ని కింద నుంచి చూడాలనిపిస్తే వెనక్కి పడవే ఎక్కండి. కానీ సాయంత్రం చివరి పడవ త్వరగా వెళ్లిపోతుంది, టైమ్ ముందు రోజే కనుక్కుని పెట్టుకోండి.