ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కీమో: ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ వంటి కీమో మందులను సాధారణంగా 21 రోజులకొకసారి ఎక్కిస్తారు. ఎక్కించిన రోజును ఒకటిగా లెక్కించి గోడ క్యాలెండరులో ప్రతి గడిలోనూ అంకె వేసుకుంటే, తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా దాని కారణాన్ని పట్టుకోవడం తేలికవుతుంది.

సమస్య: జ్వరం, చలి, వణుకు

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి కాబట్టి, ఆ రోజుల్లో చిన్న ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే, అర్ధరాత్రి అయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. అక్కడ ముందుగా చెప్పవలసిన మాట, కీమో అయి ఇన్నో రోజు అని. జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేస్తే అసలు లక్షణం మరుగున పడుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి జ్వరం రాకుండా వణుకు మాత్రమే రావచ్చు. దాన్నీ జ్వరంగానే లెక్కించాలి.

సమస్య: వికారం, వాంతులు

సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారికి వాంతులు మొదటిరోజుతో ముగియవు, రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు మళ్లీ రావచ్చు. మొదటిరోజు బాగానే గడిచిందని మాత్రలు ఆపేయడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. డాక్టరు రాసినన్ని రోజులూ, వాంతి రాకపోయినా, వేళకు వేయాలి. పోపు ఘాటు చాలామందికి పడదు కనుక, రోగి పడుకున్న గదికి దూరంగా వండి, చల్లారిన పెరుగన్నమో జావో కొద్దికొద్దిగా పెట్టాలి. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారినా సెలైన్ అవసరం; సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు, ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు పెరుగుతుంది. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ వల్ల మలబద్ధకం వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

సమస్య: నోటిపూత

గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఆవకాయ, కారం మానాలి. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు వాడుతున్నవారైతే, దానితోపాటు తీసుకోవలసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్ తప్పాయేమో చూడాలి.

సమస్య: వేళ్ల తిమ్మిరి, చెవుల్లో హోరు

చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు తడబడుతుంటే, సిస్‌ప్లాటిన్ లేదా పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు వల్ల నరాలు దెబ్బతింటున్నట్టు అనుమానించాలి. చెవుల్లో హోరుకు సిస్‌ప్లాటిన్ కారణం కావచ్చు. ఓర్చుకోకుండా మళ్లీ మందు ఎక్కించే తర్వాతి విడతకు ముందే డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయగలరు.

సమస్య: ఆయాసం

దీన్ని కీమో నీరసంగా కొట్టిపారేయడం నన్ను అన్నిటికన్నా భయపెట్టే విషయం. మెట్లెక్కేటప్పుడు రోజురోజుకూ ఆయాసం పెరుగుతుంటే రక్తం తగ్గిందేమో సీబీపీ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా ఇలాగే ఉంటుంది. ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచినా రక్తపు గడ్డ ఊపిరితిత్తిలో అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో చేయగలిగిన వైద్యం ఏదీ లేదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి.