పోయినసారి గీత చూసుకుని కూర్చోకండి: ఏటిగట్టు ఊళ్లకు వరద జాగ్రత్తలు

ఎగువన వానలు పడుతున్నాయి, భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరుగుతోంది అని వార్త రాగానే గోదావరి పక్క ఊళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "పోయినసారి మన అరుగు దాకానే వచ్చింది, ఈసారీ అంతే." టార్చిలైటు, మందులు, తాగునీళ్లు సర్దుకోవాలని ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను చూసినంతలో కొంపలు ముంచింది సామాన్లు సర్దుకోకపోవడం కాదు, ఈ మాటే.

భద్రాచలంలో 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరింది. పెద్ద వరదంటే ఆగస్టులోనే అని చాలామంది లెక్క. 2022లో 71.3 అడుగులు జులైలోనే వచ్చింది. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 నాటి వరదే రికార్డు అనుకుంటుండగా, 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో దాన్నీ దాటేసింది. అదే సమయంలో విజయవాడలో సింగ్ నగర్ మునిగింది కృష్ణ నీళ్లతో కాదు, బుడమేరు వాగుకు గండ్లు పడి. అందరూ నది వైపు చూస్తుంటే నీళ్లు వెనక నుంచి వచ్చాయి.

అసలు అంతే వరద వచ్చినా నీళ్లు పోయినసారి గోడ మీద మిగిల్చిన గీత దగ్గరే ఆగాలని లేదు. ఏటి అడుగున ఇసుక మేట వేసి ఉండొచ్చు. మధ్యలో కొత్త రోడ్డు ఎత్తుగా వేసి నీటికి అడ్డం పెట్టి ఉండొచ్చు. తూము తలుపు సరిగా దిగకపోవచ్చు. ఉపనది పక్కన ఉన్నవాళ్లకైతే ఎగపోటు ఒకటి. గోదావరి పొంగితే శబరి నీళ్లు దిగడానికి దారిలేక వెనక్కి తన్ని చింతూరు వైపు ఊళ్ల మీద పడతాయి. అక్కడ వాన పడకపోయినా సరే.

గోడ మీద గీత చూసే బదులు మరో కొలత చూసుకోండి. ఊరి నుంచి బయటికి పోయే దారిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు ఏది? లంక గ్రామాల్లో అది కాజ్‌వే, మిగతా చోట్ల వాగు మీద లో లెవెల్ వంతెన. మీ గడప ఎంత ఎత్తులో ఉన్నా, ఆ పల్లం మునిగిన క్షణం నుంచి మీరు పడవ కోసం ఎదురుచూసే మనిషే. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ఏ హెచ్చరికకు మీ దారి మునుగుతుందో వానాకాలానికి ముందే తెలిసినవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి. దానికి ఒక హెచ్చరిక ముందే ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణులు, పశువులు గట్టు దాటి ఉండాలి. మూడో హెచ్చరిక వచ్చాక చూద్దాం అనేవాళ్లకు అప్పటికి చూడటానికి రోడ్డు మిగలదు.

గట్టు సంగతి. ఊరి వైపు అడుగున నీళ్లు ఊరుతున్నాయా, రంగు చూడండి. తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా, ఇసుకతో వస్తుంటే లోపల మట్టి కోసుకుపోతోంది. దాన్ని బుంగ అంటారు, గండికి అదే మొదలు. బుంగలో గుడ్డలు కుక్కి మూయబోకండి, నీళ్లు పక్కనుంచి తన్నుకొస్తాయి. చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేర్చి లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. ఈలోపు ఒకరు అధికారులకు ఫోన్ చేయాలి, ఇంకొకరు ఊరిని లేపాలి.

ఇక మిగతావి.

రాత్రి గట్టు మీద కాపలా ఉండాలి. ఒంటరిగా వద్దు.

పశువుల్ని తోలుకెళ్లలేకపోతే పలుపు విప్పేయండి. కట్టేసిన గొడ్డు ఈదలేదు.

నీళ్లు గడప ఎక్కకముందే మెయిన్ స్విచ్ ఆపండి. ఎక్కాక, తడి కాళ్లతో ముట్టుకోవద్దు.

పారే నీళ్లు మోకాలి లోతే కదా అని దిగొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కార్లనే ఈడ్చుకుపోగలవు, రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనబడదు.

ముందు బస్సు దాటింది కదా అని వెనకే పోవద్దు.

వీడియోల కోసం వంతెన ఎక్కొద్దు.

పాస్‌బుక్కులు, ఆధార్, సర్టిఫికెట్లు కవర్లో చుట్టి ఒంటిమీదే ఉంచుకోండి. బీరువాలో కాదు.

పడవ వచ్చినప్పుడు ఎక్కండి. తర్వాతి ట్రిప్పులో వస్తానని సామాన్ల దగ్గర ఆగిపోవద్దు. లైఫ్ జాకెట్ లేకుండా, పరిమితికి మించి ఎక్కించే పడవైతే దిగేయండి.

"పోయినసారి" అని ఇంట్లో పెద్దాయన మొదలుపెడితే వినండి, ఆయన చూసిన వరద నిజమే. విని, చెయ్యిపట్టుకుని తీసుకెళ్లండి.

నీళ్లు తీయగానే ఇంట్లోకి పరుగెత్తొద్దు. నానిన మట్టిగోడలు వరద పోయాక కూలతాయి. కర్రతో తట్టుకుంటూ వెళ్లండి, పాములు మంచాల కింద, బస్తాల మధ్య చేరి ఉంటాయి.

పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం ఏదీ వద్దు. నేరుగా ఆసుపత్రికే.

బావిని శుభ్రం చేసి క్లోరిన్ వేసేదాకా ఆ నీళ్లు తాగొద్దు.

ఎగువన ఇంకా వాన పడుతుంటే, ఒక అడుగు తగ్గిందని మళ్లీ ఊళ్లోకి దిగొద్దు.