రక్తం శాంపిల్ నిలవ – మూడవ పాఠం: ఐస్ పెట్టెకు ముందు, తరువాత

గత పాఠంలో ట్యూబుల మూతల రంగులు చూశాం. ఊదా మూత ట్యూబులోని ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కాల్షియాన్ని పట్టేసి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు; ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డకట్టగా పైన తేరే సీరంలో ఫైబ్రినోజెన్ (గడ్డకట్టడానికి వాడుకయ్యే ప్రోటీన్) మిగలదు. ఈ పాఠమంతా సీరం గురించే.

ఉద్దానంలోని కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే. మే నెల ఎండలో అంత దూరం వెళ్లవలసిన శాంపిల్‌ను తీసిన వెంటనే ఐస్ పెట్టెలో పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. సీరంను వేరుచేయకముందే అలా పెట్టడం పొరపాటు. చలికి ఎర్రకణాల పొరలోని సోడియం-పొటాషియం పంపు మందగించి పొటాషియం బయటికి కారుతుంది. ట్యూబు నేరుగా ఐస్‌కు ఆని రక్తం మంచులా గడ్డకడితే కణాలే పగిలి, హిమోగ్లోబిన్, ఎల్.డి.హెచ్. ఎంజైము సీరంలో కలుస్తాయి. ఎర్రకణాల్లో ఎల్.డి.హెచ్. ప్లాస్మాలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది కనుక, సీరం కాస్త ఎర్రబారినా ఆ ఫలితాన్ని నమ్మలేం.

కాబట్టి ట్యూబును నీడలో నిలువుగా ఉంచి, 30 నుంచి 60 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, రక్తం తీసిన 2 గంటలలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరంను వేరే ట్యూబులోకి తీయండి. ఐస్ పెట్టె అవసరం అప్పుడు వస్తుంది. అయితే కొన్ని ప్రోటీన్లకు చలి పడదు. ఎల్.డి.హెచ్. రూపాల్లో కాలేయానికి, కండరాలకు చెందినది ఫ్రిజ్‌లోనే చురుకు కోల్పోతుంది. క్రయోగ్లోబులిన్లు అనే ప్రోటీన్లు చలికి పేరుకొని గడ్డతోపాటు పోతాయి గనుక, ఆ పరీక్షకు సీరం వేరయ్యేదాకా 37 డిగ్రీల వెచ్చదనం తప్పదు. రోగనిరోధక ప్రోటీన్ అయిన కాంప్లిమెంట్ సి3 ఇందుకు భిన్నం, గది వేడిలో ఉంచితే దానంతటదే విరుగుతుంది.

ఫ్రీజర్‌లో సీరంలోని నీరు ముందుగా మంచు పలుకులవుతుంది. మిగిలిన కాస్త ద్రవంలో లవణాలు చిక్కబడి, ఆమ్లత మారి, ప్రోటీన్లు మడతలు విప్పుకొని ఒకదానికొకటి అంటుకుంటాయి. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. అందుకే ఒక్కో పరీక్షకు సరిపడేంత సీరంను చిన్న సీసాల్లో పంచి గడ్డకట్టించాలి. కరిగాక ప్రోటీన్లు అడుగున చేరతాయి. నురగ రాకుండా మెల్లగా తలకిందులుగా తిప్పి కలపాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో ఎన్ని ఊళ్లకు కరెంటు పోయిందో మనకు గుర్తే. అలాంటప్పుడు ఫ్రీజర్‌లోని శాంపిల్ కరిగి, కరెంటు వచ్చాక మళ్లీ గడ్డకడితే చూసి చెప్పలేం. ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి, సీసాల పక్కనే ఉంచండి. బిళ్ల మంచులోకి దిగి కనిపిస్తే ఆ సీసాల మీద తేదీ వేసి, విడిగా పెట్టండి.